ఆనెగొంది వంతెన, పిన్ని వాళ్ల పెరట్లో రాయి

తుంగభద్ర కాలువకి నీళ్లొచ్చాక మా తాతయ్య వాళ్లు గుంటూరు వైపు నుంచి గంగావతి పక్కన క్యాంపుకి వచ్చారు. అప్పట్లో హంపీ వెళ్లాలంటే ఆనెగొంది దగ్గర పుట్టి ఎక్కి నది దాటాల్సిందే. కన్నడ మీడియంలో చదివిన నాకు అది హరిగోలు. ఇంట్లో పుట్టి అంటే వడ్లు కొలిచే పుట్టి అనుకునేవాణ్ణి, చాలా రోజులు.

1990లలో ఆనెగొందికీ తళారిఘట్టకీ మధ్య వంతెన కట్టడం మొదలైంది. తాతయ్య సంబరం అంతా ఇంతా కాదు, హోస్పేటకి చుట్టు తిరిగే బాధ తప్పుతుందని. కానీ హంపీ 1986లోనే యునెస్కో జాబితాకెక్కింది. ఈ వంతెనా, విరుపాపుర గడ్డి దగ్గర మొదలుపెట్టిన ఇంకోటీ చూసి, 1999లో హంపీని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో పెట్టారు. వంతెన వస్తే లారీలన్నీ పాత కోట ద్వారం గుండా, శిథిలాల మధ్య నుంచే పోవాలి మరి. పని ఆగింది. "రాళ్లకున్న విలువ మనుషులకి లేదట్రా" అని తాతయ్య చాలాసార్లు అనేవారు.

ఆయన కోపం నాకు అర్థమవుతుంది. తప్పు వంతెన అడిగినవాళ్లది కాదు, చోటు చూడకుండా పని మొదలుపెట్టినవాళ్లది. మా టెస్టింగ్ పనిలో కూడా అంతే, రిలీజ్ అయ్యాక దొరికిన బగ్గుకి ఖర్చెక్కువ. కేంద్ర చట్టం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం అంటుంది, ఆపైన 200 మీటర్లు అనుమతితో కట్టుకోమంటుంది. హంపీకి అది చాలదు. అక్కడ గుడులొక్కటే కాదు, రాయల కాలం కాలువలు ఇప్పటికీ పొలాలు తడుపుతున్నాయి. అందుకే కర్ణాటక 2002లో హంపీకంటూ వేరే చట్టం చేసి ప్రాధికారం పెట్టింది. సుమారు 236 చదరపు కిలోమీటర్లు, ఊళ్లతో సహా. 2006లో హంపీ ప్రమాద జాబితాలోంచి బయటికొచ్చింది. ఆ వంతెన మాత్రం మళ్లీ కడుతుండగా 2009 జనవరిలో కూలింది, పనివాళ్లు చనిపోయారు. 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత విరుపాపుర గడ్డి రిసార్టులు కూల్చేశారు. అవి కట్టేటప్పుడే ఎవరైనా ఆపి ఉంటే?

ఇక మా సంగతి. ఆనెగొందిలో పిన్ని వాళ్లు మరుగుదొడ్డి గుంట తవ్విస్తుంటే చెక్కిన రాయొకటి బయటపడింది. తీగ, దాని కింద హంస లాంటిదేదో. మేస్త్రీ వెంటనే, "అమ్మా, మట్టి కప్పేయండి, ఎవరికైనా తెలిస్తే పని ఆగిపోతుంది" అన్నాడు. ఇంట్లో పెళ్లి, ఇరవై రోజులే ఉంది. పని ఆగితే ఆ నష్టం ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. బాబాయి కప్పించేశారు. గుంట నాలుగడుగులు పక్కకి జరిపారు. నేనూ అక్కడే ఉన్నాను, ఫోన్‌లో ఫోటో కూడా తీయలేదు.

తప్పే, ఒప్పుకుంటున్నాను. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు పిన్నిని అడిగాను, చెప్పేద్దామా అని. "మీ బాబాయితో మాట్లాడు" అంది. ఆ చోట ఇప్పుడు కరివేపాకు మొక్క ఉంది.