లాఠీ ఎవరి మాట వినాలి? సెల్మాలో నల్లజాతి ఓటు పోరాటం

1965 ఫిబ్రవరి 18 రాత్రి. అమెరికా దక్షిణాదిన అలబామా రాష్ట్రంలో మారియన్ అనే చిన్న ఊరు. ఓటరు నమోదు కోసం తిరుగుతున్న జేమ్స్ ఆరెంజ్ అనే కార్యకర్తను పోలీసులు అక్కడి జైల్లో పెట్టారు. ఆయన్ని లోపలే చంపేస్తారేమోనన్న భయంతో నల్లజాతి జనం చర్చి నుంచి జైలు వైపు నడక మొదలుపెట్టారు. కొద్ది దూరం పోయారో లేదో వీధి దీపాలు ఆరిపోయాయి. ఆ చీకట్లోనే రాష్ట్ర పోలీసుల లాఠీలు లేచాయి. ఫొటోలు తీయడానికి వచ్చిన విలేకరులనూ వదల్లేదు.

జనం చెల్లాచెదురయ్యారు. 82 ఏళ్ల కేజర్ లీ, ఆయన కూతురు వయోలా, ఆమె కొడుకు జిమ్మీ లీ జాక్సన్ దగ్గర్లోని ఒక కేఫ్‌లో దూరారు. పోలీసులు వెంటబడి లోపలికొచ్చి కొట్టారు. తల్లికి అడ్డం పడిన జిమ్మీ పొట్టలోకి బోనార్డ్ ఫౌలర్ అనే పోలీసు తుపాకీ పేల్చాడు. ఎనిమిది రోజుల తర్వాత సెల్మా ఆసుపత్రిలో జిమ్మీ చనిపోయాడు. వయసు 26. ఓటరుగా పేరు రాయించుకోవడానికి ఎన్నోసార్లు ప్రయత్నించి, ప్రతిసారీ కాదనిపించుకున్న మనిషి.

కింగ్ పేరు, రోజా పార్క్స్ పేరు, జార్జ్ ఫ్లాయిడ్ పేరు మన సభల్లో వినబడతాయి. జిమ్మీ లీ జాక్సన్ పేరు అంతగా వినబడదు. అతని గురించి మేము రాయడానికి కారణం ఉంది. పోలీసు హింసను ఒక కథగా, ఓటు హక్కును ఇంకో కథగా చెప్పడం అలవాటైపోయింది. మారియన్‌లో ఆ రాత్రి ఆ రెండూ ఒక్కటే.

ఎలాగంటే, మన దగ్గర ఎస్పీని ప్రభుత్వం నియమిస్తుంది. అమెరికాలో కౌంటీ షెరీఫ్‌ను జనం ఓటేసి ఎన్నుకుంటారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అలబామాలో కేసు పెట్టే ప్రాసిక్యూటర్‌ నుంచి తీర్పు చెప్పే జడ్జి దాకా ఎన్నికైనవాళ్లే. ఆ రోజుల్లో దక్షిణాదిన చాలాచోట్ల జ్యూరీలో కూర్చునేవాళ్లను ఓటరు జాబితా నుంచే తీసేవారు. కాబట్టి ఓటు లేనివాడికి తనను కొట్టే షెరీఫ్‌ను దించే దారి లేదు, తన కేసు వినే జ్యూరీలో తనవాడు ఉండే దారీ లేదు. 1955లో మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాణ్ని చంపినవాళ్లను అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ గంట పైచిలుకులో విడుదల చేసింది. ఆ కౌంటీ జాబితాలో ఒక్క నల్లజాతి ఓటరు కూడా లేడు. మరుసటి ఏడాది ఆ హంతకులే డబ్బు తీసుకుని, తామే చంపామని ఒక పత్రికకు చెప్పుకున్నారు.

కాగితం మీద నల్లజాతి పురుషులకు ఓటు 1870లోనే వచ్చింది, రాజ్యాంగ 15వ సవరణతో. సెల్మా ఉన్న డల్లాస్ కౌంటీలో 1960ల మొదట్లో ఓటు వయసున్న నల్లజాతి వాళ్లు సుమారు 15,000 మంది. జాబితాలో ఉన్నది వందకు ఒకరు. నమోదు ఆఫీసు నెలకు రెండు రోజులే తెరిచేవారు. వెళ్తే గంటలకొద్దీ క్యూ, ఆపైన అక్షరాస్యత పరీక్ష. ఎవరు పాసయ్యారో తేల్చేది తెల్ల అధికారి ఇష్టం. క్యూలో నిలబడ్డ సంగతి తెలిస్తే ఉద్యోగం ఊడేది, కౌలు పొలం పోయేది. వీటన్నిటికీ కాపలా షెరీఫ్ జిమ్ క్లార్క్. పశువులను తోలే కరెంటు కర్రలతో మనుషులను తోలినవాడు. 1964 జూలైలో ఒక స్థానిక జడ్జి, ఉద్యమ సంఘాల పేరుతో ముగ్గురు కలిసి మాట్లాడుకున్నా నేరమేనని ఉత్తర్వు ఇచ్చాడు.

1965 జనవరి 22న ఆ ఊరి నల్లజాతి టీచర్లు వందమందికి పైగా ఫ్రెడరిక్ రీస్ వెనుక కోర్టు మెట్ల దాకా నడిచారు. క్లార్క్ వాళ్లను మెట్ల మీంచి కిందికి తోశాడు. పిల్లలకు చదువు చెప్పేవాళ్లు అక్షరాస్యత నిరూపించుకోవాల్సిన ఊరది. టీచర్లే వచ్చారని చూసి తక్కిన వృత్తులవాళ్లూ కదిలారు. ఫిబ్రవరిలో సెల్మా జైల్లో ఉన్న కింగ్, ఓటరు జాబితాలో ఉన్నవాళ్లకంటే తనతో జైల్లో ఉన్న నల్లజాతివాళ్లే ఎక్కువని రాశాడు.

జిమ్మీ మరణం తర్వాత, గవర్నర్‌ను నిలదీయడానికి రాజధాని మాంట్‌గోమరీకి 54 మైళ్లు నడుద్దామన్నాడు జేమ్స్ బెవెల్. మార్చి 7 ఆదివారం సుమారు 600 మంది బయల్దేరారు. ఎడ్మండ్ పెటస్ వంతెన దాటగానే రాష్ట్ర పోలీసులు, గుర్రాల మీద షెరీఫ్ పోగుచేసిన దండు మీద పడ్డారు. బాష్పవాయువు, లాఠీలు, కొరడాలు. జాన్ లూయిస్ పుర్రె చిట్లింది. సెల్మాలో ఏళ్ల తరబడి ఈ పని చేస్తూ వచ్చిన అమీలియా బోయింటన్ స్పృహ తప్పి రోడ్డు మీద పడిపోయింది. ఆ రాత్రి ఏబీసీ టీవీ, నాజీ నేరాల విచారణపై తీసిన సినిమాను మధ్యలో ఆపి ఈ దృశ్యాలు చూపించింది. ఆ వంతెనకున్న పేరు, బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన ఒక జనరల్‌ది. ఇప్పటికీ అదే పేరు.

రెండు రోజుల తర్వాత, మద్దతుగా వచ్చిన జేమ్స్ రీబ్ అనే తెల్ల పాస్టర్‌ను సెల్మాలో తెల్లవాళ్లు కొట్టారు. మార్చి 11న ఆయన చనిపోయాడు. మార్చి 15న పార్లమెంటులో ఓటు హక్కు బిల్లు గురించి మాట్లాడిన అధ్యక్షుడు జాన్సన్, చనిపోయిన ఒక మంచి మనిషిని, దేవుని మనిషిని తలచుకున్నాడు. ఆ ఒక్కరు రీబ్. జిమ్మీ ప్రస్తావన లేదు. రీబ్ త్యాగం తక్కువని మేము అనడం లేదు. కానీ ఏ చావును దేశం లెక్కలోకి తీసుకుంటుందన్న ప్రశ్న మన పాఠకులకు కొత్తేమీ కాదు.

1965 ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. అక్షరాస్యత పరీక్షలు ఆగాయి. నమోదుకు కేంద్రమే అధికారులను పంపింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఓటింగ్ నిబంధన ఏది మార్చాలన్నా ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలంది. ఏడాది తిరక్కుండానే, 1966 మేలో పార్టీ ప్రైమరీలో జిమ్ క్లార్క్ ఓడిపోయాడు. నల్లజాతి ఓట్లున్న ఆరు పెట్టెలను పక్కన పెట్టాలని పార్టీ పెద్దలు చూశారు, కోర్టు లెక్కపెట్టించింది. కరెంటు కర్ర దిగింది ఇలాగే.

ఫౌలర్ సంగతి వేరు. 1965లో గ్రాండ్ జ్యూరీ అతని మీద అభియోగం మోపలేదు. 1966లో అతను మరో నల్లజాతి మనిషిని జైల్లో కాల్చి చంపాడు. 2005లో ఒక విలేకరికి జిమ్మీని కాల్చింది తనేనని, అది ఆత్మరక్షణ అని చెప్పాడు. 2007లో అభియోగం పెట్టించింది మైకేల్ జాక్సన్ అనే నల్లజాతి ప్రాసిక్యూటర్, అంటే జిమ్మీ అడిగిన ఓటుతో ఎన్నికైన మనిషి. 2010లో ఫౌలర్ తక్కువ స్థాయి నేరానికి ఒప్పుకున్నాడు. శిక్ష ఆరు నెలలు. అనారోగ్యమని ఐదు నెలలకే వదిలారు. చుండూరు కేసులో 1991 హత్యలకు 2007లో శిక్షలు పడి, 2014లో హైకోర్టులో అవన్నీ కొట్టుడుపోవడం చూసినవాళ్లకు ఈ తేదీల బరువు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఓటును అంబేడ్కర్ ఇలాగే చూశాడు. 1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు అంటరానివారికి ఓటు కావాలని వాదించాడు. 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లజాతి వాళ్లు ఇచ్చిన విజ్ఞాపన ప్రతులు అడిగాడు.

చట్టం వచ్చింది కదా అని కథ ఆగలేదు. 2013లో అలబామాకే చెందిన షెల్బీ కౌంటీ వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ముందస్తు అనుమతి నిబంధనను పనికిరాకుండా చేసింది. తర్వాత అలబామాలో ఓటేయడానికి ఫొటో గుర్తింపు తప్పనిసరైంది. 2015లో, ఆ గుర్తింపు ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులు 31 మూసేస్తామన్నారు. నల్లజాతి ఓటర్లు ఎక్కువున్న కౌంటీలు వాటిలో చాలా ఉన్నాయి. గొడవ జరిగాక నెలకు ఒక రోజు తెరుస్తామన్నారు. జిమ్ క్లార్క్ కాలంలో నమోదు ఆఫీసు నెలకు రెండు రోజులైనా తెరిచేవారు.

2020 మేలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత పోలీసు సంస్కరణల బిల్లు ఒకటి, జాన్ లూయిస్ పేరుతో ఓటు హక్కుల బిల్లు ఒకటి 2021లో దిగువ సభలో నెగ్గాయి. సెనేట్‌లో రెండూ ఆగిపోయాయి.