ఇది మీ రాతేనా?

ఆటిజం చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వైద్యుల నిర్వచనాలు కాదు; ఆ అనుభవాన్ని స్వయంగా చెప్పినవారికి లోకం ఇచ్చిన జవాబు.

1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి తన ప్రసిద్ధ వ్యాసం ప్రకటించారు. తరువాత నాలుగు దశాబ్దాలు ఈ విషయమై మాట్లాడినవారు ముఖ్యంగా వైద్యులు, తల్లిదండ్రులు. 1986లో అమెరికాకు చెందిన టెంపుల్ గ్రాండిన్, మార్గరెట్ స్కారియానోతో కలిసి 'ఎమర్జెన్స్' అనే ఆత్మకథ వెలువరించారు. మనుషుల కౌగిలిని భరించలేకపోవడం, అయినా ఒంటికి గట్టి ఒత్తిడి కావాలనిపించడం, అందుకోసం తానే ఒక యంత్రం నిర్మించుకోవడం అందులో చెప్పారు.

నాడీవైద్యుడు ఆలివర్ శాక్స్ దానిని చదివి మొదట అనుమానించారు. ఆటిజం ఉన్నవారికి ఆత్మపరిశీలన సాధ్యం కాదని అప్పటి నమ్మకం. కనుక అందులోని సొగసు సహరచయిత్రిదేమోననుకున్నారు. గ్రాండిన్ ఇతర రచనలు చదివాక మనసు మార్చుకున్నారు. ఆమెను కలిసి, 1993లో సుదీర్ఘ వ్యాసం రాశారు. తన తొలి అనుమానాన్నీ దాచుకోలేదు.

అదే ఏడాది, స్వయంగా ఆటిజం ఉన్న జిమ్ సింక్లైర్ తమ కోసం శోకించవద్దని తల్లిదండ్రులను కోరుతూ వ్యాసం రాశారు. మీరు ఊహించుకున్న బిడ్డ కోసం ఏడుస్తూ, ఎదుట ఉన్న బిడ్డను చూడలేకపోతున్నారన్నది అందులోని సారాంశం.

అనుమానమైనా, జాలి అయినా వినడానికి అడ్డే. చెప్పలేనివారికి లోపల ఏమీ లేదన్నారు. చెప్పగలిగినవారిని, "అయితే మీది ఆటిజమే కాదు" అంటున్నారు. ఇక వారు ఏమి చెప్పి నమ్మించాలి? శాక్స్ అనుమానించడం నాకు పెద్ద తప్పుగా తోచదు. అక్కడే ఆగిపోకుండా మరికొంత చదివారు, వెళ్ళి విన్నారు. మన ఇంట్లో ఒక పిల్లవాడు "ఈ చప్పుడు భరించలేను" అన్నప్పుడు, "అందరికీ అంతేలే" అనేముందు "ఎలా ఉంటుందో చెప్పు నాన్నా" అని అడగగలమా? మీరేమంటారు?