బేగంపేట చలానా, కోర్టు గుమ్మం
బేగంపేట రోడ్డు మీద అతివేగానికి చలానా పడితే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది కోర్టు కాదు, తగ్గింపు. చట్టం ఉద్దేశం మాత్రం ఇది కాదు. చిన్న నేరాల విషయంలో తప్పు ఒప్పుకున్నవాడు కోర్టు మెట్లెక్కకుండా రిజిస్టర్డ్ ఉత్తరంతో సొమ్ము పంపే వీలు బ్రిటిష్ ఇండియాలో 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. 1988 చట్టం 208వ సెక్షన్ దాన్ని నిలుపుకుంది. 200వ సెక్షన్ ఏకంగా అధికారి దగ్గరే రుసుము కట్టి తేల్చుకోమంది. గమనించండి, ఈ సౌకర్యాలన్నీ ఒప్పుకున్నవాడికే. కాదనేవాడికి మేజిస్ట్రేటే దిక్కు.

కెమెరాలు వచ్చాక ఆ దిక్కు మరీ దూరమైంది. చలానాలు కట్టకుండా పేరుకుపోవడంతో తెలంగాణ పోలీసులు పాత బకాయిల మీద ద్విచక్ర వాహనాలకు 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. పెండింగ్ కొండ కరిగింది కదా, వెయ్యి రూపాయల కోసం రోజు కూలి పోగొట్టుకుని ఎవరు వాదిస్తారు అని అడగవచ్చు. నిజమే. కానీ ఆ లెక్క వల్లే తప్పు చేయనివాడు కూడా కట్టేస్తాడు, చేసినవాడు మరుసటి రాయితీ కోసం ఆగుతాడు. జరిమానా పండగ సేలులో బేరమైపోయింది (తేదీ మాత్రం ముందు చెప్పరు). ప్రభుత్వం ఈ రాయితీలు ఆపాలి, కాదనే మాట వినే సులువైన విచారణను వాహనదారులకు అందుబాటులోకి తేవాలి.