నడవని కార్ల చరిత్ర

ఆ మధ్య ఒక వేసవి ఉదయం బెల్లంపల్లి నుంచి నా బాల్యమిత్రుడు ఫోను చేశాడు. "అరె, టాప్ తీసే కారొకటి బేరం కుదిరేటట్టున్నది. నువ్వు పట్నంలనే ఉన్నవు గదా, జర చూసి చెప్పు" అన్నాడు. వేళాకోళమనుకున్నాను. బొగ్గు లారీల వెనుక ఎర్రదుమ్మూ నల్లదుమ్మూ కలిసి లేచే ఆ దారుల్లో టాపు తీసిన విదేశీ కారా? వాడి లెక్క వేరు. మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల పెళ్ళిళ్ళలో బరాతుకు తెరిచిన కారు అడుగుతున్నారట. హైదరాబాదు నుంచి అద్దెకు తెప్పించుకుంటే ఒక్క రాత్రికి తడిసి మోపెడవుతోంది. మనమే ఒకటి కొని పెట్టుకుంటే ఎట్లుంటదని వాడి ఆలోచన.

డబ్బు మాత్రం వాడిది కాదు. వాళ్ళ నాన్న సింగరేణిలో ముప్ఫై ఏళ్ళకు పైగా భూగర్భ గనుల్లో పనిచేసి, టింబర్‌మన్‌గా పదవీ విరమణ చేశారు. సి.ఎం.పి.ఎఫ్., గ్రాట్యుటీ కలిపి వచ్చిన మొత్తంలో సగానికి పైగా ఈ కారుకే పోతుంది. ఆ మాట విన్న తరువాత నాకు నవ్వు రాలేదు.

నేను మెకానిక్కును కాను. పాత కాగితాలు చదవడం తప్ప మరో విద్య లేనివాణ్ణి. అందుచేత ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, నాకు తెలిసిన చోటే మొదలుపెట్టాను. హైదరాబాదులో తెరిచిన కార్ల కథ ఏమిటి, అవి చివరికి ఏమయ్యాయి అని వెతికాను. ఈ టపా ఆ వెతుకులాటలోంచి పుట్టింది.

చౌమహల్లా ప్యాలెస్ చూసినవారికి అక్కడి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ గుర్తుండే ఉంటుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. లండనులోని బార్కర్ కంపెనీ దానికి ఒళ్ళు తొడిగింది. తెప్పించుకోదలచినవాడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. కారు చేతికి రాకముందే, 1911 ఆగస్టులో, ఆయన కన్నుమూశాడు. అది కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వాహనమయింది. వెనుక భాగంలో సింహాసనంలాంటి ఎత్తయిన ఆసనం ఉండడంతో దానికి సింహాసనపు కారని పేరు వచ్చింది. ఈనాటి అర్థంలో అది టాపు ముడిచే కారు కాదు గాని, పని అదే: లోపల కూర్చున్నవాడు దారి పొడవునా జనానికి కనబడాలి. (అన్నట్టు, ఆ కారు హైదరాబాదు చేరేనాటికి బెల్లంపల్లిలో గనీ లేదు, రైలూ లేదు. గనులు 1920ల చివర్లో వచ్చాయి. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలుమార్గం 1929లో పూర్తయింది.)

నన్ను ఆపిన విషయం మరొకటి. ఆ కారు శతాబ్ద కాలంలో నాలుగు వందల మైళ్ళు కూడా తిరగలేదని చెబుతారు. మన సెకండ్ హ్యాండ్ బజారు భాషలో ఇంతకన్నా గొప్ప కారు ఉండదు. ఒకే కుటుంబం చేతిలో ఉంది, డ్రైవరు చేత నడిపించారు, రీడింగు అత్యల్పం! అయినా దాన్ని నేటి స్థితికి తేవడానికి సమూలంగా పునరుద్ధరించవలసివచ్చింది. నడవనందువల్ల అది మిగల్లేదు. నడవనందువల్లనే పాడయింది.

ఇది ఒక్క కారు సంగతి కాదు. 1967 ఫిబ్రవరిలో ఏడవ నిజాం మరణించాక మనుమడు ముకర్రం జా వారసుడయ్యాడు. అప్పటి నిజాం గ్యారేజిలో అరవై కార్లు ఉండేవనీ, వాటి పెట్రోలుకూ విడిభాగాలకూ ఏటా పెద్ద మొత్తమే ఖర్చు రాసేవారనీ, తీరా చూస్తే నడిచే స్థితిలో ఉన్నవి నాలుగేననీ ఆ కాలం గురించి రాసినవారు చెబుతారు. పట్టాభిషేకం నాడు కొత్త నిజామును తీసుకువెళ్ళవలసిన కారు కూడా మొరాయించిందట. ఖర్చు కాగితం మీద ఉంది, కారు షెడ్డులో ఉంది, రెండింటికీ సంబంధం లేదు. సర్వీసు పుస్తకం చూసి మురిసిపోయే ప్రతి కొనుగోలుదారుడూ ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. 1971లో రాజభరణాలు రద్దయ్యాక దేశంలో ఎన్నో సంస్థానాల గ్యారేజీలు ఖాళీ అయ్యాయి. వాటిలోంచి బయటికి వచ్చినవి చాలావరకు ఇలాంటి కార్లే.

తెరిచిన కారుకే ఈ గతి ఎందుకు ఎక్కువ? మొదట్లో కార్లన్నీ తెరిచినవే. అమెరికాలో 1919 ప్రాంతంలో అమ్మిన కార్లలో పదింట తొమ్మిదికి గట్టి పైకప్పు లేదు. పదేళ్ళు తిరిగేసరికి ఆ లెక్క పూర్తిగా తారుమారయింది. ఉక్కు పైకప్పున్న కారు చవకయ్యాక, ఎండకూ వానకూ ఓర్చుకోవలసిన అవసరం మామూలు మనిషికి పోయింది. అప్పటినుంచి టాపు లేని కారు కనబడడం కోసం కొనుక్కునే వస్తువయింది. కనబడవలసిన రోజులు ఏడాదికి ఎన్ని ఉంటాయి? మిగతా రోజులన్నీ అది షెడ్డులో నిలబడి ఉంటుంది. బరాతు కారయినా అంతే, ముహూర్తాలున్న నెలల్లో తిరుగుతుంది, మూఢంలో, ఆషాఢంలో పడుకుంటుంది.

మా బెల్లంపల్లికి తెలిసిన తెరిచిన బండి జీపు ఒక్కటే. మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టాక ఊరూరికీ అవి వచ్చాయి. మా చిన్నతనంలో కాన్వాసు టాపు చిరిగితే గోనెపట్టా కప్పి నడిపేవారు. నీళ్ళు ఎంత పోసినా నేల రేకుకున్న చిల్లుల్లోంచి కిందికే పోయేవి. అందులో తడిసి చెడేది ఏమీ లేదు. నేటి కారు అలాంటిది కాదు. ఆ తేడా హైదరాబాదులో కారు ముందు నిలబడ్డప్పుడు బాగా అర్థమయింది.

మిత్రుడూ, వాళ్ళ నాన్నా తెల్లవారుజామున రైలెక్కి వచ్చారు. నేను ఆయన్ను చిన్నప్పటినుంచీ కాకా అనే పిలుస్తాను. కారు 2013 నాటి జర్మనీ తయారీ, గుడ్డ టాపు. రీడింగు 19 వేల కిలోమీటర్లు. అమ్మేవాడు ఆ అంకెనే నాలుగుసార్లు చెప్పాడు. నాకు సింహాసనపు కారు మనసులో మెదిలింది. వంగి టైర్లు చూశాను. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అక్కడ 2413 అని ఉంది. అంటే 2013లో 24వ వారం. కారుతో పుట్టిన టైర్లే. గాడులు కొత్తవాటిలాగే లోతుగా ఉన్నాయి గాని, పక్క రబ్బరు ఎండిన చెరువులా పగిలింది. 19 వేలు నిజమే కావచ్చు. ఆ కారు ఏళ్ళ తరబడి నిలబడి ఉందన్నదీ అంతే నిజం.

టాపును మూడుసార్లు తెరిపించి మూయించాము. ఒక్కసారి చూస్తే చాలదు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట తరువాత మరోసారి చూడాలి. మూడోసారి టాపు సగంలో ఆలోచించుకొని గాని కదల్లేదు, డిక్కీ వైపునుంచి పంపు మూలిగింది. ఈ టాపును ఎత్తేది నూనె ఒత్తిడి. గొట్టాల రబ్బరు కదలిక లేక ఎండిపోతే డిక్కీలోకి నూనె కారుతుంది. ఇంకా ముఖ్యమైనవి టాపు అంచుల్లోని నీటి కాలువలు. గుడ్డ మీద పడిన వాన సన్నని గొట్టాల ద్వారా కిందికి దిగిపోవాలి. ఆకులో, దుమ్మో అడ్డుపడితే ఆ నీరు కార్పెట్టు కిందికి చేరుతుంది. మెత్తని బొగ్గు దుమ్ము నీటితో కలిస్తే ఎలా గట్టిపడుతుందో మా ఊరివాళ్ళకు చెప్పనవసరం లేదు. ఇటువంటి చాలా కార్లలో కరెంటు మెదడు పెట్టెలు ఆ కార్పెట్ల కిందో, డిక్కీ అడుగునో ఉంటాయి. అవి తడిస్తే మరమ్మతు ఖర్చుకు లెక్క ఉండదు.

అందుకే స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి చూడమన్నాను. సీటు బెల్టును చివరిదాకా లాగించాను. వరదలో మునిగిన కారును ఎంత కడిగినా, లోపల చుట్టుకొని ఉండే బెల్టు చివర బురద గీత మిగులుతుంది. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. ఆ నీళ్ళలో నిలబడిన కార్లన్నీ తుక్కుకు వెళ్ళలేదు. ఈ కారు బెల్టు శుభ్రంగానే ఉంది. కార్పెట్టు మాత్రం చేతికి చల్లగా తగిలింది.

ఇంతసేపూ కాకా ఒక పక్కన నిలబడి చూస్తున్నారు. అప్పుడు నెమ్మదిగా అడిగారు. "బిడ్డా, దీనికి రూఫు లేదు గదా. మరి బరువు ఎవడు మోస్తున్నడు?"

ఆ ప్రశ్న వేయడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు. ముప్ఫై ఏళ్ళు రూఫు కింద బతికినవాడు వేసే ప్రశ్న అది. మామూలు కారులో పైకప్పు కేవలం నీడ కాదు, ఒంటికి పట్టునిచ్చే భాగం. అది తీసేస్తే ఆ భారమంతా కింది భాగం మీద పడుతుంది. అందుకే ఈ కార్లకు నేలనూ, డోరు కింద పొడవునా ఉండే దూలాన్నీ ప్రత్యేకంగా బలపరుస్తారు. మెకానిక్కులు ఆ దూలాన్ని సిల్లు అంటారు. నేను తడబడుతూ చెప్పింది విని కాకా జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, కింద కూర్చొని, సిల్లు పొడవునా తట్టుకుంటూ వెళ్ళారు. గనిలో రూఫును కర్రతో తట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగున పలుకుతుంది, విడివడిన రాయి డొల్లగా మోగుతుంది. ఎడమ పక్క చివరిదాకా ఒకే చప్పుడు. కుడి పక్క వెనుక చక్రం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు చచ్చిపోయింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి తట్టారు. "ఈడ రేకు లేదు. లప్పం ఉన్నది" అన్నారు.

జాకీ పెట్టి ఆ పక్క ఎత్తించాము. డోరు తెరుచుకుంది గాని, మూసేటప్పుడు తాళం దగ్గర అంచు తగిలింది. అంటే ఒళ్ళు వంగుతోంది. దెబ్బ తిన్న చోట టింకరింగు చేసి, లప్పం పూసి, రంగు వేశారు. అమ్మేవాడు మొదట కోప్పడ్డాడు, తరువాత ధర తగ్గిస్తానన్నాడు.

పాత కార్ల లోకంలో దీనికి పెద్దన్నలాంటి మోసం ఒకటుంది. రోల్స్ రాయిస్ వంటివారు ఆ కాలంలో చాసిస్ మాత్రమే అమ్మేవారు, ఒళ్ళు వేరొకరు కట్టేవారు. తెరిచిన కార్లకు గిరాకీ పెరిగాక, మూసి ఉన్న పాత ఒంటిని విప్పి పారేసి, తెరిచిన ఒళ్ళు కట్టినవి ఎన్నో ఉన్నాయి. కారు పుట్టుకతోనే తెరిచినదా, మధ్యలో అయినదా అన్నది చాసిస్ నంబరుతో తయారీదారు దస్తావేజుల్లో చూస్తే గాని తేలదు. మన చట్టం ప్రకారం రోడ్డు మీది కారుకు పైకప్పు కోయించడం కుదరదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చనివ్వదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే అన్నది. బరాతు కోసం పాత కార్లను కోయించినవారు ఈ సంగతి ఆర్.టి.ఓ. ఆఫీసులో తెలుసుకుంటారు.

కాగితాల దగ్గర నాకు కాస్త ధైర్యం వచ్చింది, అది నా విద్య. ఆర్.సి. వేరే రాష్ట్రానిది. అక్కడి ఆఫీసు నిరభ్యంతర పత్రం, అంటే 28వ ఫారం, "రేపు వస్తది" అన్నారు. అప్పు తీరినట్టు బ్యాంకు సంతకం చేసే 35వ ఫారం ఊసే లేదు. ఆ రెండూ లేకుండా 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి డబ్బు ఇస్తే, కారు మనది, పేరు ఇంకొకరిది, అప్పు బ్యాంకుది. దాని మీద తెలంగాణలో జీవితకాలపు పన్ను కట్టాలి, పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను గడువులో మిగిలింది కొద్ది. విదేశం నుంచి నేరుగా దిగుమతయినదని చెబితే కస్టమ్స్ సుంకం కట్టిన కాగితం కూడా అడగాలి. 2025 సెప్టెంబరులో భూటాన్ మీదుగా దొంగచాటుగా వచ్చాయన్న అనుమానంతో కేరళలో కస్టమ్స్ వారు ఖరీదైన కార్లను పట్టుకున్నప్పుడు, చిక్కుల్లో పడినవారిలో కొనుక్కున్నవారూ ఉన్నారు.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు మిత్రుడు అసలు ఆలోచించనిది. తెల్ల నంబరు ప్లేటున్న సొంత కారును అద్దెకు తిప్పరాదు. పర్మిట్ లేకుండా బరాతులో ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేస్తుంది. పెళ్ళి ఊరేగింపులో కారు చుట్టూ, ముందూ ఉండేది చిందులేసే పిల్లలే. ఈ మాట చెప్పినప్పుడు వాడు నాతో కాసేపు మాట్లాడలేదు.

కారు కొనలేదు. సాయంత్రం వాళ్ళను కాగజ్‌నగర్ వెళ్ళే రైలెక్కించడానికి సికింద్రాబాద్ స్టేషనుకు వెళ్ళాను. మిత్రుడు ముభావంగా కిటికీ పక్కన కూర్చున్నాడు. కాకా మాత్రం నిజాం కార్ల గురించి మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు. అరవైలో నాలుగే నడిచాయని విని, "మరి ఆ యాభై ఆరింటికి డ్రైవర్లు గుడ ఉండిరా?" అన్నారు. ఉండే ఉంటారన్నాను. "జీతం అచ్చిందా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర కాగితం లేదు.

రెండు నెలల తరువాత వాడే మళ్ళీ ఫోను చేశాడు. కరీంనగర్‌లో ఇంకొక కారు ఉందట, ఇంకా తక్కువ తిరిగిందట, తొమ్మిది వేలే. నేను నోరు విప్పేలోపే వెనుక నుంచి కాకా గొంతు వినబడింది. "ముందుగాల టైరు మీద ఏం సాల్ ఉన్నదో అడుగురా."