థ కడుపులో చుక్క

బందరులో 1902లో మొదలైన కృష్ణాపత్రిక పాత సంచిక చూడాలంటే ఇప్పుడు కాగితం జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లినా, మడత దగ్గర పట్టుకుంటే పెళుసుగా విరిగి చేతిలోకి వస్తుంది. మనం చదివేది ఆ కాగితానికి తీసిన బొమ్మను. ఆ బొమ్మ దాచిన ఫైలు ఏ రకానిదన్న సంగతి కంప్యూటరువాళ్లకు వదిలేశాం. వాళ్లేమో ఇన్నాళ్ల జేపెగ్‌ను పక్కనపెట్టి వెబ్‌పి తేవాలా, ఏవిఫ్ తేవాలా, జేపెగ్ ఎక్స్‌ఎల్ తేవాలా అని తూకాలు వేస్తున్నారు. తూకంరాయి ఒకటే: ఫైలు ఎంత చిన్నదైంది? ఫొటోలకు ఆ ప్రశ్న సరిపోతుంది. పాత తెలుగు అచ్చుకు మాత్రం దాన్ని రెండో వరసలోకి నెట్టాలి. కొత్త రూపంలోకి మార్చాక పాత రూపానికి వెనక్కి వెళ్లే దారి మిగిలిందా లేదా అన్నది ముందు అడగాలి. కృష్ణా డెల్టాలో రాత ఒక రూపంలోంచి మరో రూపంలోకి మారిన చరిత్రంతా ఈ మాటకే సాక్ష్యం చెబుతుంది.

మొదటి పెద్ద మార్పు తాటాకు నుంచి కాగితానికి. 1820లలో బందరులో కుంపిణీ ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు కావ్యాల తాటాకు ప్రతులు వెతికించి, జీతాలిచ్చి పండితుల చేత, లేఖకుల చేత కాగితం మీదికి ఎక్కించాడు. గంటంతో గీసిన ఆకు మీద పద్యానికీ పద్యానికీ మధ్య ఖాళీ ఉండదు, మాటకూ మాటకూ మధ్య అసలే ఉండదు. కాగితం మీదికి ఎక్కించేవాడు ఎక్కడికక్కడ విడగొట్టాలి, అర్థం కానిచోట తోచింది రాయాలి. అంటే ప్రతి నకలూ కొంత నిర్ణయం, కొంత నష్టం. బ్రౌనుకు ఇది తెలుసు. అందుకే ఒక్క ప్రతిని నమ్మకుండా, ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి పోల్పించేవాడు. ఆయన సేకరణ చివరికి మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది కాబట్టి, తర్వాతి పరిష్కర్తలు ఆయన పాఠాన్ని కాదనగలిగారు కూడా. కాగితం వచ్చింది కదా అని ఆకులన్నీ పొయ్యిలో పెట్టి ఉంటే ఆ కాదనే హక్కు మనకు మిగిలేది కాదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ నేల రాతను ఉండనివ్వదు. ఉప్పుగాలి, చెమ్మ, చెదలు రోజువారీ శత్రువులు. వాటికి తోడు సముద్రం. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరు మీద పడి సుమారు ముప్పై వేలమందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ వంతు వచ్చింది. ఊళ్లకు ఊళ్లు నీటమునిగినచోట ఇళ్లలోని దస్తావేజులు, పుస్తకాలు ఏమయ్యాయో వేరే చెప్పనక్కర్లేదు. కనుక నకళ్లు తీయాలి, అవి డెల్టాకు దూరంగానూ ఉండాలి. ఇందులో వాదం లేదు. వాదమల్లా నకలులో ఏది పోయినా ఫర్వాలేదన్న దాని మీదే.

1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో నడిచిన కృష్ణాపత్రిక పేజీనే తీసుకుందాం. సీసపు అక్షరాలతో చవక కాగితం మీద వేసిన అచ్చు అది. సిరా కాస్త పాకుతుంది, వెనక పేజీ నీడ ముందుకు కనిపిస్తుంది, పసుపు రంగు ఏటేటా ముదురుతుంది. అలాంటి పేజీలో ద, ధ, థ అనే మూడక్షరాలను చూడండి. ద కింద చిన్న గీత పెడితే ధ; కడుపులో చుక్క కూడా పెడితే థ. ఆ చుక్క అడ్డుకొలత 0.3 మిల్లీమీటర్లు అనుకుందాం. అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే దాని మీదుగా ఏడు పిక్సెళ్లు పడతాయి. 200 చొప్పున చేస్తే రెండున్నర కూడా పడవు. ఆ రెండూ మాసిపోతే మథనం కాస్తా మధనమవుతుంది. గీత కూడా పోతే మదనమే. ఇంగ్లీషు అచ్చులో ఒక చుక్క పోయినా చదివేవాడు మాటను గుర్తుపడతాడు, ఐ మీద చుక్క లేకపోయినా అది ఐయే. మన అక్షరం మాత్రం చుక్క పోతే ఇంకో అక్షరమైపోతుంది.

కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్‌రెడ్డి చొరవతో నడిచిన మిలియన్ బుక్స్ పథకంలో భాగంగా, ఈ శతాబ్దం మొదటి దశకంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేయించింది. అంత పని అంత వేగంగా జరగడం అపురూపమే, నింద వేయడానికి నాకు మనసొప్పదు. అయితే ఆ పేజీలను 600 చుక్కల సాంద్రతలోనే తీసినా, నలుపు తెలుపు రెండే విలువలుగా టిఫ్ ఫైళ్లలో దాచారు. ఏ-4 పేజీలో ఆ లెక్కన మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షల పిక్సెళ్లు. రంగుల్లో అయితే సుమారు 104 మెగాబైట్లు, నలుపు తెలుపైతే అందులో ఇరవైనాలుగో వంతు. దాన్ని ఫ్యాక్సుల కోసం పుట్టిన గ్రూప్ 4 పద్ధతిలో కుదిస్తే ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఆనాటి డిస్కుల ధరలకు అది తెలివైన బేరమే. గ్రూప్ 4 ఒక్క పిక్సెలు కూడా పోగొట్టదని దానికి పేరు. నిజమే, పోవాల్సింది అంతకుముందే పోయింది. పసుపు కాగితంలో ప్రతి పిక్సెలూ నలుపో తెలుపో తేల్చే ఆ ఒక్క క్షణంలో సన్నగీత తెలుపుకిందికి, వెనక పేజీ నీడ నలుపుకిందికి పోతాయి. నష్టం లేని కుదింపు అన్న ముద్ర చూసి మురిసిపోయేవాళ్లు ఈ ముందుమెట్టును లెక్కలోకి తీసుకోరు. ఇలా తయారైన ఫైలును ఎంత కొత్త ఫార్మాట్‌లోకి మార్చినా చుక్క తిరిగి రాదు. వాటిని అలాగే ఉంచడమే మేలు.

దీనికన్నా ప్రమాదకరమైన పద్ధతి జేబిగ్2. పెడనలో కలంకారీ అద్దకంవాళ్లు ఒక పువ్వుకు ఒక అచ్చు చెక్కించి చీర పొడుగునా దాన్నే అద్దినట్టు, ఇది పేజీలో ఒకేలా కనిపించే అక్షరాలన్నిటికీ ఒక అచ్చు చేసుకుని, ఉన్నచోటల్లా దాన్నే అద్దుతుంది. నష్టాన్ని ఒప్పుకునే తీరులో వాడితే, దాదాపు ఒకేలా ఉన్నవాటినీ ఒకటే అనుకుంటుంది. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ పరిశోధకుడు, జెరాక్స్ యంత్రాలు స్కాన్ చేసిన కాగితాల్లో 6 అంకె 8గా మారుతోందని బయటపెట్టాడు. మసకగా ఉంటే అనుమానించేవాళ్లం. అంకె తేటగా, పదునుగా, తప్పుగా ఉంది. ద, ధ, థలున్న లిపికి ఈ పద్ధతి ఎంత చేటో ఊహించుకోవచ్చు.

ఇక కొత్తవాటి సంగతి. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పి, 2019లో వచ్చిన ఏవిఫ్ రెండూ వీడియో కుదింపు కుటుంబంలో పుట్టినవి. కదిలే బొమ్మలో ఒక్కో చిత్రం కంటిముందు రెప్పపాటు కూడా ఉండదు, అక్కడ నలుసంత వివరం నునుపు చేసినా ఎవరూ పట్టించుకోరు. బాగా బిగించి కుదిస్తే పత్రిక పేజీ మీదా అదే అలవాటు చూపిస్తాయి. వాటిలో నష్టం లేని తీరూ ఉంది గాని, జనం వాటిని మెచ్చుకునేది దానికోసం కాదు. 2022లో ప్రమాణంగా వెలువడిన జేపెగ్ ఎక్స్‌ఎల్ వేరే దారి చూపిస్తుంది. ఇప్పటికే ఉన్న జేపెగ్‌ను సుమారు ఐదో వంతు తగ్గించి సర్దుతుంది, కావాలన్నప్పుడు పాత ఫైలును బైటు తేడా లేకుండా తిరిగి ఇస్తుంది. పాత స్కాన్‌లు జేపెగ్‌లుగా ఉన్నచోట నా ఓటు దీనికే. చిన్నదవుతుందని కాదు, వెనక్కి రానిస్తుందని.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం క్రోమ్. 2022లోనే గూగుల్ తన బ్రౌజరు నుంచి జేపెగ్ ఎక్స్‌ఎల్‌ను తీసేస్తామంది. మరుసటి ఏడు యాపిల్ సఫారీలో చేర్చుకుంది. ఒక బ్రౌజరులో తెరుచుకుని ఇంకోదాంట్లో తెరుచుకోని ఫైలు ఎందుకని అడగవచ్చు. డిజిటల్ లైబ్రరీ టిఫ్‌లు కూడా బ్రౌజరులో నేరుగా తెరుచుకునేవి కావు, పాఠకులు నానా తంటాలు పడ్డారు. కాని ఆ సైటు మూతపడ్డాక అవే పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పీడీఎఫ్‌లుగా జనానికి అందాయి. దాచే రూపం, పంచే రూపం ఒకటే కానక్కర్లేదు. ఫోనులో చూసేవాడికి ఏవిఫ్ ఇవ్వండి, వెబ్‌పి ఇవ్వండి, డేటా ఆదా అవుతుంది. రేపు ఇంకోటి వస్తే అదీ ఇవ్వండి. మూలం మాత్రం కదలకూడదు.

బొమ్మలెందుకు, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్‌తో పాఠం తీసి దాన్ని దాస్తే చాలదా అనేవారూ ఉన్నారు. ఓసీఆర్ చదివేదీ ఆ చుక్కనే. అది తడబడ్డచోట తేల్చుకోవడానికి బొమ్మే గతి. ఖర్చు మాటకొస్తే, ఒక వారపత్రికకు వారానికి 16 ఏ-4 పేజీలు అనుకుందాం. నలభై ఏళ్లకు 33 వేల చిల్లర పేజీలు. అంగుళానికి 300 చుక్కలతో, రంగుల్లో, ఏమాత్రం కుదించకుండా దాచినా పేజీకి 26 మెగాబైట్ల చొప్పున 870 గిగాబైట్లు దాటదు. ఒక్క టెరాబైటు డిస్కులో పడుతుంది. 600 చుక్కలతో తీస్తే దీనికి నాలుగింతలు, అదీ భరించలేనిది కాదు. కాబట్టి గుడివాడలోనో బందరులోనో బీరువాలో బైండు కట్టి ఉన్న సంచికలను ఇకమీద స్కాన్ చేసేవాళ్లు రంగుల్లో, 600 చుక్కలతో తీసి, టిఫ్‌గానో నష్టం లేని జేపెగ్ ఎక్స్‌ఎల్‌గానో మూలాన్ని దాచి, స్కాన్ పూర్తయ్యాక కూడా ఆ బైండును తూకానికి వేయకుండా ఉంచాలి.