గురుఋణం

ఒడిశాలోని గజపతి జిల్లాకు నేడు ముఖ్యపట్టణమైన పర్లాకిమిడికి తెలుగు భాషాచరిత్రలో చెరగని స్థానమున్నది. ఆ గౌరవం అక్కడి ఒక బడిపంతులు వలన, ఆయన వద్ద చదువుకొన్న ఒక విద్యార్థి వలన విస్తరించింది. ఆ గురువు గిడుగు వెంకట రామమూర్తి పంతులు. శిష్యుడు తాపీ ధర్మారావు.

1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతమందలి పర్వతాలపేటలో జన్మించిన రామమూర్తి చిన్ననాటనే తండ్రిని కోల్పోయారు. మెట్రిక్యులేషన్ ముగించి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. కుటుంబభారం మోస్తూనే స్వయంకృషితో చదివి పట్టభద్రులైనారు. సమీపపు కొండలలోని సవరల భాషను శ్రద్ధతో నేర్చి, వారి పిల్లలకు పాఠపుస్తకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది.

పిల్లవానికి తెలిసిన మాటలోనే చదువు మొదలు కావాలన్నది ఆయన విశ్వాసం. తెలుగు వచనం శిష్టవ్యావహారికంలో ఉండాలని వాదించి, 1919లో 'తెలుగు' అనే మాసపత్రికను స్థాపించారు. పండితుల వ్యతిరేకతకు వెనుదీయలేదు. ప్రాచీన కావ్యాల పట్ల ఆయనకు విముఖత లేదు; అర్థంకాని వచనంతో పిల్లలను బాధించరాదన్నదే ఆయన తపన.

1887లో బరంపురంలో జన్మించిన ధర్మారావు పర్లాకిమిడిలో ఆయన శిష్యులైనారు. పిమ్మట మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చదివి, కొంతకాలం గణితం బోధించి, పత్రికారంగంలో ప్రవేశించారు. 'జనవాణి' సంపాదకులుగా వార్తలను వాడుకభాషలో వ్రాసి, గురువు వాదించిన దానిని పాఠకుల నిత్యానుభవంగా మార్చారు. 1938లో వచ్చిన 'మాలపిల్ల' చిత్రానికి సంభాషణలు సమకూర్చి, ఆ భాషను చదువురాని వారి చెవులకు సైతం చేర్చారు. చేమకూర వేంకటకవి 'విజయవిలాసము'నకు ఆయన రచించిన 'హృదయోల్లాస వ్యాఖ్య'కు 1971లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పాత కావ్యాన్ని నేటి తెలుగులో విప్పి చెప్పిన ఆ వ్యాఖ్య కూడా గురుమార్గమే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరినది. అర్ధశతాబ్దానికి పైగా నివసించిన ఊరిని విడిచి రామమూర్తి పంతులు రాజమహేంద్రవరం వెళ్లారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. తన ఊరు సరిహద్దుకు ఆవల మిగిలినా, ఆయన చదువు శిష్యుల కలాలలో నిలిచినది.

గురువునకు పూలమాల వేయుట, చిత్రపటం ఆవిష్కరించుట మంచి సంప్రదాయాలే. కాని గురువు తలపెట్టిన పనిని తన వృత్తిలో కొనసాగించుటయే నిజమైన కృతజ్ఞత అని ధర్మారావు జీవితం తెలుపుతున్నది. తెలుగునేలకు వెలుపల తెలుగు బడులను నిలుపుకొంటున్న తల్లిదండ్రులకు, పూర్వవిద్యార్థులకు ఇందొక కర్తవ్యమున్నది. ఇంటిలో పిల్లలతో తెలుగు మాటలాడుట, తమ అక్షరాలు దిద్దించిన బడికి మరొక పిల్లవానిని పంపుట - గురుఋణం తీర్చుకొనుటకు ఇంతకన్న దగ్గరి దారి లేదు.