గురకకీ ఒక చరిత్ర ఉంది

కొత్తవలస జంక్షను దగ్గర కాపురం ఉండే ఇల్లాళ్ళని అడిగి చూడండి. హౌరా నుంచి వచ్చే మెయిన్ లైనూ, బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కిరండూల్ లైనూ కలిసే చోటది. అర్ధరాత్రి ఎన్ని గూడ్సు బళ్ళు పోయినా అలవాటైన చెవికి మెలకువ రాదు. కాని పక్కమంచం మీద గురక మొదలైతే నిద్ర పట్టదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోతే మరీ ఉలిక్కిపడి లేస్తాం. “ఏమయింది ఈయనకి?” అని చెయ్యి వేసి చూస్తాం. గురక సంగతి అందరికీ తెలిసిందే. మధ్యలో వచ్చే ఆ నిశ్శబ్దం సంగతి వైద్యులకి తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఆ కథే ఈవేళ చెప్పుకుందాం.

మనకి గురక అనగానే కుంభకర్ణుడు గుర్తుకొస్తాడు. అతని ఊపిరి విసురుకే లేపడానికి వెళ్ళిన రాక్షసులు నిలవలేకపోయారని రామాయణం చెబుతుంది. అది విని పిల్లలూ పెద్దలూ నవ్వుకుంటారు. “గుర్రుపెట్టి పడుకున్నాడు” అంటే ఒళ్ళు తెలియకుండా హాయిగా నిద్రపోతున్నాడనే అర్థం చెప్పుకున్నాం. నిజానికి గురక అంటే గాలి ఇరుకు దారిలో పడి పెనుగులాడే చప్పుడు. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. దారి సన్నబడుతుంది. అప్పుడు వచ్చీపోయే గాలికి మెత్తని అంగిలీ, కొండనాలుకా అదురుతాయి. అదే గురక.

దారి ఇరుకు కావడానికి కారణాలు ఒకటీ రెండూ కాదు. పిల్లల సంగతి ముందు తేలింది. ముక్కు వెనకాల పెరిగే కండని గురించి, దానివల్ల నోరు తెరుచుకుని ఊపిరి పీల్చే పిల్లల గురించి కోపెన్‌హాగెన్ డాక్టరు విల్‌హెల్మ్ మేయర్ 1868లో రాశాడు. అడినాయిడ్స్ అంటాం కదా, అవే. టాన్సిల్స్ బాగా పెరిగినా అంతే. పిల్లవాడు రోజూ గురక పెడుతూ, పగలు చదువు మీద మనసు నిలపలేకపోతే మొద్దు అని తిట్టకండి. ముందు గొంతు చూపించండి.

పెద్దవాళ్ళ సంగతికి వస్తే, 1836–37లో ఇంగ్లీషు రచయిత డికెన్స్ తన ‘పిక్విక్ పేపర్స్’లో జో అనే లావుపాటి కుర్రవాణ్ణి సృష్టించాడు. వాడు పని చేస్తూ చేస్తూనే నిద్రలోకి జారుకునేవాడు. చదివినవాళ్ళందరూ నవ్వారు. నూట ఇరవై ఏళ్ళ తరువాత, 1956లో, అమెరికా డాక్టర్లు అటువంటి రోగి ఒకణ్ణి చూసి ఆ జబ్బుకి పిక్విక్ పేరే పెట్టారు. అయినా అసలు గుట్టు తెలియలేదు. 1965లో ఫ్రాన్సులోనూ జర్మనీలోనూ వైద్యులు ఇటువంటి రోగుల నిద్రని రాత్రంతా యంత్రాలతో పరిశీలించారు. నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోతోందని అప్పుడు బయటపడింది. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు కొద్దిగా మేలుకుని మళ్ళీ పీల్పిస్తుంది. రాత్రంతా పడుకున్నా నిద్రపోనట్టే. అందుకే పగటి కునుకు.

చూశారా! పక్కనున్న ఇల్లాలు ఏనాటి నుంచో గమనిస్తున్నదాన్ని యంత్రం 1965లో రాసి చూపించింది.

1981లో రెండు వైద్యాలు వచ్చాయి. ఒకటి, కొండనాలుకనీ మెత్తని అంగిలినీ కొంత కోసి కుట్టే ఆపరేషను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఉంది కదండీ, అంత ఘోరం కాకపోయినా అది అందరికీ పని చెయ్యలేదు. రెండోది, సిడ్నీ డాక్టరు కాలిన్ సలివన్ ముక్కు ద్వారా గాలి ఒత్తిడి పంపి గొంతు దారి మూసుకుపోకుండా నిలిపిన పద్ధతి. ఇవాళ్టి సీ-పాప్ యంత్రానికి మూలం అదే.

అందరికీ యంత్రం అక్కరలేదు. ఒళ్ళు పెరిగి మెడ చుట్టూ కొవ్వు చేరడం, వెల్లకిలా పడుకోవడం, రాత్రి పూట మద్యం, నిద్రమాత్రలు, ముక్కుదూలం వంకర, పడిశం, థైరాయిడ్ తగ్గడం – ఇవన్నీ గురకకి కారణాలే. పొగ కూడా గొంతు పొరల్ని వాచేట్టు చేస్తుంది. మన ఉత్తరాంధ్రలో నిప్పు నోట్లో ఉంచుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకి అంగిలి కేన్సరు భయం కూడా ఉంది. చుట్ట మానడానికి ఆ ఒక్క కారణమే చాలు.

చివరగా మన మాట. గురక మగవాళ్ళ సొత్తని అనుకుంటాం. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళకి గురక ఉండి ఉంటుందని ఎవరైనా ఊహిస్తారా? 1993లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు 30–60 ఏళ్ళ ఉద్యోగుల్ని పరీక్షిస్తే, నిద్రలో శ్వాస ఆటంకం నూటికి 24 మంది మగవాళ్ళలోనూ, 9 మంది ఆడవాళ్ళలోనూ కనిపించింది. ముట్లుడిగాక మనకీ ఇది పెరుగుతుంది. గర్భిణికి కొత్తగా గురక మొదలైతే రక్తపోటు చూపించుకోవడం మంచిది. కాని సిగ్గుపడి చెప్పుకోం. పగలంతా నీరసంగా ఉంటే ఇంటిపని బడలిక అని సరిపెట్టుకుంటాం.

కాబట్టి గురకని చూసి నవ్వకండి, దాచుకోకండి. మధ్యలో ఊపిరి ఆగుతోందా, ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారా, పగలు కూచున్నచోటే కునుకుతున్నారా – ఈ మూడూ గమనించి డాక్టరుకి చెప్పండి. ఆ మనిషి రైలో లారీయో నడిపేవాడైతే అసలు ఆలస్యం చెయ్యకండి. అతని కునుకు మీద ఎందరి ప్రాణాలో ఆధారపడి ఉంటాయి. రాత్రి మీరు ఉలిక్కిపడి లేచిన ఆ క్షణమే వైద్యుడికి మొదటి సాక్ష్యం.